పన్నెండో గుండు

మా చిన్నోన్ని ఆడపిల్ల అనుకున్నోళ్ళందరితోనూ వాడు కొట్లాడినాడు. పాలాయనతో కొట్లాడినాడు. గ్యాసు బండ తెచ్చే అబ్బాయి కాలు తొక్కినాడు. నా కాడ జాకెట్టు కుట్టించుకొనేదానికి వచ్చిన ఒకామె "పాప ఎంత ముద్దుగా ఉండాదో" అన్నిందని ఆమె చెప్పులు ఎత్తుకొనిపోయి మిద్ది మీద నీళ్ళ ట్యాంకు ఎనకాల దాచిపెట్టినాడు. ఆ చెప్పులు దొరికేలోపల నేను ఆమె జాకెట్టుకి చేతిపని ముగించి, హుక్కులు కూడా కుట్టిచ్చేసినాను.

వానికప్పుడు ఆరేండ్లు. జుట్టు భుజాలు దాటి, ఉంగరాలు ఉంగరాలుగా ఈపు మీద పడేది. నాలుగో ఏట వానికి జరమొచ్చి పదిరోజులు దిగకపోతే మాయత్త కొండ పక్కకి తిరిగి రెండు చేతులూ ఎత్తి, "సామీ, బిడ్డ లేచి తిరిగితే చాలు, వాని జుట్టు నీది, నీకిచ్చేదాకా కత్తెర తగలనీను" అని మొక్కుకొనింది. జరం దిగింది. ఏడాది నిండినాక పోదామనుకొంటే మా ఇంటాయనకి చిన్నాయన పోయినాడు, ఇంకో ఏడాది దాకా కొండెక్కకూడదన్నారు. అట్ల రెండేండ్లు. మొక్కింది మాయత్త, జడలేసింది నేను. పొద్దున్నే బడికి టైమవుతా ఉంటే ఒక చేత్తో దోసె తిప్పతా, ఇంకో చేత్తో ఆ చిక్కు తీస్తా, వాడు పారిపోతా, నేను జడ పట్టి ఎనక్కి లాగతా. సంతలో గాని, పెండ్లిలో గాని, ఎంతమంది పిలకాయల్లో ఉన్నా నేను మొహాలు చూసేదాన్నే కాదు. జడ యాడుంటే మావాడు ఆడ.

పెద్దోనికి తొమ్మిది. వాడు ఉరుకుల మనిషి కాదు, మాటల మనిషి. ఏదన్నా పని చెప్తే చెయ్యకుండా ఉండేదానికి నాలుగు కారణాలు చెప్పగలడు, నాలుగూ సరిగ్గానే ఉంటాయి. అదే నాకు ఇంకా మంట.

మాది చంద్రగిరి. కింద ఇంటిగలోళ్ళు, మిద్ది మీద మేము. మా ఇంటాయన తిరపతిలో మోటార్లకి వైండింగు చేసే అంగట్లో పని చేస్తాడు. పొద్దున పోతే చీకటి పడినాకే రాక. పగలంతా నేనూ, మిషనూ, ఈ ఇద్దరూ. ఒకడు బాబిన్లన్నీ వరసగా పేర్చి రైలంటాడు. ఇంకోడు ఎవురో కుట్టించుకొనేదానికి ఇచ్చిపోయిన పట్టుగుడ్డ మీద కూసోని మామిడికాయా ఉప్పూ కారమూ తింటాడు. మిషను ఒక నిమిషం ఆగితే ఇద్దరూ యాడుండారో అని నా చెవులు లేస్తాయి. శబ్దమొచ్చినా భయమే, శబ్దం రాకపోయినా భయమే. నిమ్మళంగా ఒక లోటా కాపీ తాగి ఎన్నేండ్లయిందో నాకు గుర్తే లేదు.

నేను కొడతాను. ఇది దాచిపెట్టి రాస్తే ఏం లాభం? నాకు కోపం ముక్కు మీదే ఉంటాది, చేతిలో ఎప్పుడూ కొలతల స్కేలుంటాది. "ఈపు ఇమానం మోత మోగిస్తా" అని ఒక్క పూటకి నేనెన్నిసార్లు అంటానో కింద ఇంటామెని అడిగితే చెప్తాది. కొట్టినాక ఏడిసేది కూడా నేనే. ఏడిసి, మొహం కడుక్కొని, ఇద్దరికీ సంగట్లో చెనిక్కాయల ఊరిబిండి పెట్టి, ముద్దలు నోట్లో పెట్టి, మళ్ళీ మిషను కాడ కూసుంటాను. మా అమ్మ మమ్మల్ని కొట్టలేదా, మేము పెరగలేదా అని నాకు నేనే చెప్పుకొనేదాన్ని. వాళ్ళు కూడా కొట్టిన అయిదు నిమిషాలకి మర్చిపోయి ఇకిలిస్తా తిరిగేవాళ్ళు. మర్చిపోయినారనే నేననుకొన్నాను.

ఎండాకాలం సెలవుల్లో ఎట్లో కొండకి టికెట్లు దొరికినాయి. చిన్నోనికి ఒక్కనికే కాదు, తోడు గుండు పెద్దోనికీ, వాళ్ళ నాయనకీ కూడా కొట్టించాలని మాయత్త తీర్మానం చేసేసింది. మోకాళ్ళు పట్టేసి ఆమె కొండకి రాలేదుగాని, ఇంట్లో కూసోనే అందరి తలకాయలూ సామికి రాసిచ్చేసింది. పెద్దోడు వారం ముందు నుంచే నస మొదులుపెట్టినాడు.

"తమ్మునికి జడే బాగుండాది కదమా. ఇంకా కొన్నాళ్ళు ఉండనీమా."

"నీకేం నొప్పిరా? దేవునికి మొక్కింది."

"దేవునికి తొందరేం లేదు కదా. రెండేండ్లు ఆగినాడు. ఇంకో ఏడాది ఆగలేడా?"

నాకు నవ్వొచ్చింది. తన గుండు తప్పించుకొనేదానికి వీడు తమ్మున్ని అడ్డం పెట్టుకొంటా ఉండాడు, ఎంత తెలివి చూడు అనుకొన్నాను. "గమ్మునుండు, లేకపోతే నీకు రెండుసార్లు గీయిస్తా" అన్నాను. వాడు గమ్మునుండిపోయినాడు. వాడు అంత తొందరగా ఊరుకొనే రకం కాదే అని కూడా నాకు తోచలేదు.

ఆ పొద్దు మొదటి బస్సుకే కొండెక్కినాము. టికెట్టులో టైము పదకొండు. అంతలోపల గుండ్లు, స్నానాలు, కొత్త గుడ్డలు, టిఫిను, అన్నీ కావాల. నిద్ర లేచినప్పటి నుంచీ నాకు ఇదే లెక్క. సంచి ఉండాదా, టికెట్లుండాయా, పెద్దోడుండాడా, చిన్నోడుండాడా, నీళ్ళ బాటిలుండాదా. మళ్ళీ మొదటి నుంచీ. మా ఇంటాయన "కొండకొచ్చినాము, కాసేపు నిమ్మళంగా ఉండరాదా" అన్నాడు. ఆయన చేతులూపుకొంటా వచ్చినాడు, ఆయన నిమ్మళంగా ఉండచ్చు.

మొగోళ్ళని ముగ్గుర్నీ గుండ్లకి పంపి, నేను ఆడోళ్ళ పక్కకి పోయి మూడు కత్తెరలు ఇచ్చేసి వచ్చినాను. నేనొచ్చేలోపల ముగ్గురికీ అయిపోయి, నీళ్ళు పోసుకొని బయట నిలబడుండారు. మా ఇంటాయన్ని చూసి ఫక్కున నవ్వేసినాను. తలకాయ ఒక రంగు, మొహం ఒక రంగు. పెద్దోడు గుండుతో సన్నగా, చెవులు పెద్దగా, ఎవురో కొత్త పిల్లోని మాదిరి ఉన్నాడు. చిన్నోని నెత్తి మీద మాత్రం పెద్దోడు తడి తువ్వాలు కప్పి రెండు చేతులతో అదిమి పట్టుకొని ఉన్నాడు.

"ఏందిరా అది? తీయి, సూస్తాను."

"ఎండ తగలతాదిమా. లేత తలకాయ."

తమ్ముని మీద వీనికి ఇంత ప్రేమ యానాడన్నా చూసినానా అని మురిసిపోయినాను. చిన్నోడు తువ్వాలు కింద నుంచి నా పక్క చూసి ఇకిలించినాడు. ఇప్పుడు ఎవురూ పాప అనరు కదా, ఆ సంబరం వానిది.

మా ఇంటాయన పెద్దోన్ని పిలుచుకొని చందనం పూయించేదానికి పోయినాడు. పెద్దోడు పోతా పోతా రెండుసార్లు ఎనక్కి తిరిగి చూసినాడు. నేను చిన్నోన్ని మెట్టు మీద కూసోబెట్టినాను. ఒంటి మీద నీలం నిక్కరొక్కటే. "ఈడ్నించి కదిలినావంటే కాళ్ళిరగ్గొడతా" అని చెప్పి సంచిలో చెయ్యి పెట్టినాను. నేనే కుట్టిన కొత్త చొక్కా అడుగున ఉన్నింది. దాని మీద టెంకాయ, దాని మీద పులిహోర డబ్బా. డబ్బా మూత లూజై నూనె కారి సంచంతా పసుపు. నోటికొచ్చిందల్లా తిట్టుకొంటా డబ్బా తుడిచి, చొక్కాకి అంటిందేమో అని ఎలుతురులో పట్టి చూసి, తలెత్తినాను.

మెట్టు మీద తువ్వాలుండాది. వాడు లేడు.

మొదట కోపమే వచ్చింది. "ఒరేయ్!" అని అరిచి, లేచి నిలబడి, జడ కోసం చూసినాను. నా తెలివి చూడండి. అర్ధగంట ముందర తీయించిన జడ కోసం నా కండ్లు ఎతకతా ఉండాయి. అప్పుడు సరిగ్గా చూసినాను. గుండ్లు. యాడ చూసినా గుండ్లే. తడి గుండ్లు, చందనం పూసిన గుండ్లు, అమ్మ కొంగు కప్పుకొన్న గుండ్లు. ఆరేండ్ల పిలకాయలే ఒక వందమంది ఉంటారు. సగం మందికి ఒంటి మీద చొక్కా లేదు. నీలం నిక్కర్లకి లెక్కే లేదు.

భయమేస్తే కొందరు ఏడుస్తారు, కొందరు దేవున్ని తలుచుకొంటారు. నేను తిడతాను. అది నా రోగం.

"యాడుండావురా? దొరకనీ ఈపొద్దు నా చేతికి, తోలు ఒలిచేస్తా! ఇనిపిస్తా ఉండాదా? ఇప్పుడే ఈడికొస్తే సరి, లేదంటే నీకుండాది సూడు నా కొడకా!"

నా గొంతు మా ఈదికే పెద్దది. అందరూ తిరిగి చూస్తా ఉండారు. నాకేం సిగ్గు లేదు. చొక్కా చేత్తో పట్టుకొని, సంచి భుజాన ఏసుకొని, కొళాయిల పక్కకి ఉరికినాను. ఆడ ఒకడు వంగి నీళ్ళతో ఆడతా ఉండాడు. నీలం నిక్కరు, అదే ఎత్తు, అదే ఎముకల ఈపు. ఒక్క అంగలో పోయి ఈపు మీద ఒకటేసి, రెక్క పట్టి ఈడ్చినాను. పది అడుగులు ఈడ్చినాను. వాడు ఏడవలేదు, అరవలేదు, బిత్తరపోయి నాతోపాటే వచ్చేసినాడు. "మాట్లాడవేందిరా" అని మొహం తిప్పి చూస్తే ఎవురో బిడ్డ. ముందరి పండ్లు రెండు ఊడిపోయి ఉండాయి. మావానికి ఒక్క పన్ను కూడా ఊడలేదింకా.

వాళ్ళమ్మ కన్నడంలో అరుస్తా ఉరుక్కొనొచ్చి బిడ్డని లాక్కొనింది. నేను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టినాను. "నా బిడ్డ కనిపించలేదు తల్లీ, నా బిడ్డనుకొన్నా" అన్నాను. ఆమెకి నా మాట అర్థమైందో లేదో, నా మొహం చూసి తిట్టడం ఆపేసింది. తన బిడ్డని మాత్రం కొంగులోకి లాక్కొని, నేను పోయేదాకా వదల్లేదు. ఎవురి బిడ్డనో కొట్టినానే అని ఒక పక్క, నా బిడ్డ యాడ అని ఒక పక్క.

గోడ వారగా అరవోళ్ళ కుటుంబమొకటి కూసోని ఉన్నింది. పెద్ద గుంపు. ఒక ముసలామె వాళ్ళ పిలకాయలందర్నీ వరసగా దిమ్మె మీద కూసోబెట్టి, గిన్నెలో చందనం కలుపుకొని, ఒక్కొక్కని తలకాయకీ రుద్దతా పోతా ఉండాది. కండ్లల్లోకి కారకుండా పిలకాయలందరూ తలకాయలు వంచుకొని, మోకాళ్ళ మీద మొహాలు పెట్టుకొని ఉండారు. మా పుట్టింటోళ్ళది చిత్తూరుకి దిగవ, అరవ దేశం అంచున ఊరు, నాకు అరవం బాగానే వస్తాది. "మా పిల్లోన్ని చూసినారా అవ్వా" అని అడిగినాను.

"ఎట్ల ఉంటాడు?" అనింది ఆమె.

"జడ..." అని నాలిక కరుచుకొన్నాను. "గుండు. నీలం నిక్కరు."

ఆమె నవ్వి, తన ముందరుండే వరసని చెయ్యి చాపి చూపించింది. వాళ్ళల్లో నాలుగు నీలం నిక్కర్లు. నేను ఆ వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, "దొరకనీ వాడు, ఈపొద్దు ఉండాది వానికి" అని అరుచుకొంటా ముందుకి పోయినాను. 

అంతలోకే మా ఇంటాయనా, పెద్దోడూ చందనం పూసుకొని వచ్చినారు. నేను చెప్పింది ఇని మా ఇంటాయన మొహం పాలిపోయింది. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండు, నేనూ నాలుగు అనుండేదాన్ని. "నేను రోడ్డు పక్క చూస్తా, నువ్వు మైకు కాడికి పో" అని బస్సుల పక్కకి ఉరికినాడు. నేను పెద్దోని చెయ్యి పట్టుకొని, తప్పిపోయినోళ్ళని మైకులో పిలిచే చోటికి పోయినాను.

ఆడుండే ఆయన మంచాయనే. నన్ను కూసోమని, నీళ్ళిచ్చి, "గుర్తులు చెప్పమ్మా" అన్నాడు. నేను సెల్లు తీసి ఫోటో చూపించినాను. ఆయన చూసి, "ఇందులో ఆడబిడ్డ ఉండాదే తల్లీ" అన్నాడు. సెల్లులో ఉండేవన్నీ జడ ఫోటోలే. గుండుతో ఒక్కటి కూడా తీయలేదు. చొక్కా ఏసినాక తీద్దామనుకొన్నాను.

"పోనీలే. ఒంటి మీద పుట్టుమచ్చ, దెబ్బ తగిలిన గుర్తు, ఏమన్నా ఉండాయా?"

ఆలోచన చేసినాను. నేను కన్న బిడ్డ. దినామ్మూ నీళ్ళు పోసే బిడ్డ. ఎంత తలుచుకొన్నా ఒక్కటంటే ఒక్కటి గుర్తు రాలేదు. "ఏమీ లేవు సార్" అన్నాను. పెద్దోడు నా కొంగు ఏలికి చుట్టతా, విప్పతా ఉన్నాడు. తమ్ముని కోసం భయపడతా ఉండాడులే అనుకొన్నాను.

మైకులో చెప్పినారు. ఆరేండ్ల బాబు, నీలం నిక్కరు, గుండు. అంతే. నా బిడ్డ గురించి చెప్పేదానికి ఈ లోకంలో ఉండేది అంతే అయిపోయింది.

బయటికొచ్చి మళ్ళీ ఎతికినాము. పావుగంట, అర్ధగంట. పక్కనే బస్సులు తిరిగే రోడ్డు, అవతల అడివి. ప్రతి గుండూ మావాడే అనిపిస్తాది, దగ్గరికి పోతే ఎవురో. ఒకసారి కొట్టిన భయానికి ఎవుర్నీ ముట్టుకోలేక, ముందరికి పోయి వంగి మొహం చూస్తా ఉండాను. నా గొంతు కూడా పోయింది. తిట్టేదానికి కూడా మాట రాలేదు. ఈ జన్మలో మళ్ళీ వాన్ని చూస్తానా అనిపించిందప్పుడు. నేను అబద్ధం చెప్పను, ఆ మాట అనిపించినప్పుడు నాకు దేవుడు గుర్తు రాలేదు, మాయత్త గుర్తు రాలేదు, కాళ్ళిరగ్గొడతా అని వానితో చెప్పిన నా ఆఖరి మాట గుర్తొచ్చింది.

పెద్దోడు నా చెయ్యి విడిపించుకొన్నాడు. నాలుగడుగులు ఎనక్కి పోయి, నా చెయ్యి అందనంత దూరంలో నిలబడినాడు.

"అమ్మా. వాని తలకాయ మీద గాటుండాది."

"ఏం గాటు?"

"ఈడ." తన గుండు ఎనకాల, కుడి చెవికి పైన ఏలు పెట్టి చూపించినాడు. "పొడుగ్గా ఉంటాది. రాయి తగిలింది."

"ఎవురేసిన రాయి?"

వాడు కుడిచెయ్యి ఈపు ఎనక్కి పెట్టుకొన్నాడు. ఇంక చెప్పక్కర్లేదు. వాళ్ళ నాయన తన గుండు గీయించుకొని వచ్చేలోపలే తడి తువ్వాలు ఎందుకు కప్పినాడో, జడ ఉండనీమా అని ఎందుకు నస పెట్టినాడో అన్నీ ఒక్కసారిగా నాకు అర్థమైపోయినాయి. ఇది తెలిసీ మైకు కాడ నోరు మూసుకొని నిలబడినాడే అని అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి లేచింది. లేచిన చెయ్యి లేచినట్టే ఉండాది, వాడు పారిపోలేదు. కండ్లల్లో నీళ్ళు కారిపోతా ఉండాయి.

"తర్వాత కొట్టుమా" అన్నాడు. "ముందు వాన్ని ఎతుకుదాము."

నా చెయ్యి కిందికి దిగిపోయింది. దానంతట అదే దిగిపోయింది. 

అప్పట్నుంచి వాడు ముందర, నేను ఎనక. వాడు మొహాలు చూడలేదు. గుండ్ల ఎనక్కి పోయి చెవి పైన మాత్రం చూస్తా, బిరబిరా ఒక్కొక్కర్నీ దాటుకొంటా పోయినాడు. అరవోళ్ళ వరస కాడికి వచ్చేసరికి ఆగినాడు. ఈడ గుండ్లకన్నిటికీ చందనం దట్టంగా పూసేసి ఉండాది, ఏ గాటూ కనిపించదు. "వీళ్ళని చూసేసినాను, పదరా" అన్నాను. వాడు ఇనలేదు. దిమ్మె ఎనక్కి ఎక్కి, మొదటి గుండు మీద అరచెయ్యి పెట్టి చందనం తుడిచేసినాడు. చూసినాడు. రెండో గుండు తుడిచినాడు. మూడోది.

ముసలామె "డేయ్! డేయ్!" అని లేచింది. అంతసేపూ కూసోని పూసిన చందనం మరి. చేతిలో గిన్నె పట్టుకొని వాని ఎనకాల పడింది. పిలకాయలందరూ కిసకిసా నవ్వతా, అయినా చందనం ఆరలేదని తలకాయలు ఎత్తకుండా కూసోనే ఉండారు. నేను "పోనీ అవ్వా, పోనీ అవ్వా" అని ఆమెకి అడ్డం పడతా ఉండాను. వాడు తుడస్తా పోతానే ఉండాడు. తొమ్మిదో గుండు కాడ ఆగినాడు. అరవలేదు, ఎగరలేదు. చెవి పైన ఏలు పెట్టి, నా పక్కకి చూసి, చిన్నగా అన్నాడు.

"ఈడుండాడు."

నేను ముందరికొచ్చి నిలబడినాను. వాడు అప్పుడు కూడా తలెత్తలేదు. మిగతా పిలకాయలంతా నవ్వతా ఉండారు, వీడొక్కడు కండ్లు గట్టిగా మూసుకొని, ఈపు బిగబట్టుకొని, దెబ్బ యాడ పడతాదో అని కాసుకొని కూసోని ఉండాడు. ముసలామె ఏలు చాపి ఒక్కొక్కర్నీ లెక్కపెట్టింది. "పదినొన్ను" అని ఆగింది. ఇంకొకటి మిగిలింది. వాళ్ళ పిలకాయలు పదకొండు మందే. గిన్నెలో చందనం అంత తొందరగా ఎందుకు అయిపోయిందో ఆమెకి అప్పుడు తెలిసింది.

నేను నేల మీద కూలబడిపోయినాను. వాని మోకాళ్ళు పట్టుకొని, "ఎందుకొచ్చినావురా ఈడికి" అన్నాను.

ఒక కన్ను తెరిచి చూసినాడు. "కోతిపిల్లని సూసేదానికి పోయినా. ఒక్క నిమిషమే పోయినా. నువ్వు అరిసినావు. తోలు ఒలిచేస్తా అన్నావు."

"అందుకని?"

"అందుకని వీళ్ళల్లో కూసున్నా."

"నేను ఈడికొచ్చినాను కదరా. నీ ముందరే నిలబడినాను కదా."

"నువ్వు పోయేదాకా ఊపిరి పట్టుకొన్నా" అన్నాడు.

ఏడుపు యాడుందో అంతా వచ్చేసింది. ముసలామె నా ఈపు నిమిరి నీళ్ళిచ్చింది, పెద్దోన్ని మాత్రం వదలకుండా తిడతానే మళ్ళీ గిన్నె కలుపుకొని తుడిచేసిన గుండ్లన్నిటికీ చందనం పూసింది. మావానికి ఇంకో పూత పూసింది. నేను తెచ్చిన చొక్కా వానికి ఏసినాను.

మా ఇంటాయన వచ్చి చిన్నోన్ని ఎత్తుకొని ముద్దులు పెట్టుకొన్నాడు. "ఎట్ల దొరికినాడు" అని అడిగినాడు. పెద్దోడు నా మొహం చూసినాడు. "పెద్దోడు చూసినాడు" అని మాత్రం చెప్పినాను. ఉరుక్కొంటా పోయి టైముకి క్యూలో కలిసినాము. లోపల సామి ముందర ఎంతసేపుంటాము, కన్ను మూసి తెరిచేంతసేపు. ప్రతిసారీ ఒక పట్టీ రాసుకొని పోతాను, అది కావాల ఇది కావాలని. ఆ పొద్దు ఏం మొక్కుకోవాల్నో తోచలేదు. రెండు చేతుల్లో రెండు చేతులు పట్టుకొని ఉండాను, దండం కూడా పెట్టలేదు.

సాయంత్రం ఎండ ఉండంగానే కిందికి దిగే బస్సెక్కినాము. మా ఇంటాయన ముందర సీటులో కూసోని వెంటనే నిద్రపోయినాడు. నా ఒళ్ళో చిన్నోడు, పక్కన పెద్దోడు. ఘాటు రోడ్డు మలుపులకి చిన్నోడు కూడా తూగి నా మీద వాలి నిద్రపోయినాడు. చందనం ఎండి పొలుసులుగా రాలతా ఉండాది. చెవి పైన ఏలు పెట్టి చూసినాను. ఉండాది. నా చిటికిన ఏలంత పొడుగు.

"ఎప్పుడురా?"

"శివరాత్రికి ముందర. కోట కాడ సింతకాయలు రాల్చతా ఉంటిమి. నేను పైకేసినా. వాడు కిందికొచ్చినాడు."

"రక్తం రాలేదా?"

"శానా వచ్చింది. కొళాయి కింద పెట్టినాము. తర్వాత కాపీపొడి అద్దినాము. జడ కింద కనిపించలేదు."

నాకు ఆ వారం గుర్తొచ్చింది. శనివారం తలకి పోస్తా ఉంటే వాడు మండతా ఉండాదిమా, మండతా ఉండాదిమా అని గొంతు చించుకొని అరిచినాడు. శీకాయకి ఊరికే నకరాలు చేస్తా ఉండాడని రెండు పీకి, నోరు మూయించి, గట్టిగా రుద్ది పోసినాను. వాడు నోరు మూసుకొన్నాడు. నా చెయ్యి ఇరిగిపోయుంటే బాగుండు ఆ పొద్దు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"నేను సెప్దామనే అన్నా. వాడే వద్దన్నాడు. అమ్మ నిన్ను కొడతాది, నాకు నొప్పి లేదులేన్నా అన్నాడు."

నేను కిటికీ పక్కకి తిరిగినాను. కొండ, చెట్లు, మలుపు, మళ్ళీ మలుపు. ఏమీ కనిపించలేదు. కొంగుతో మొహం తుడుచుకొని, ఒక మలుపు దాటినాక, రెండో మలుపు దాటినాక అడిగినాను.

"ఇంకా ఏమన్నా దాచినారారా, మీరిద్దరూ?"

వాడు నా చేతుల పక్క చూసినాడు. "కొట్టవు కదా?"

"కొట్టను."

"ఒట్టెయ్యి."

నేను నోటితో ఒట్టు అన్నాను. వానికి చాల్లేదు. నా కుడిచెయ్యి పట్టుకొని, తీసుకొనిపోయి నిద్రపోతా ఉండే తమ్ముని గుండు మీద పెట్టినాడు. పెట్టి, అది కదలకుండా పైన తన చెయ్యి కాసేపు అదిమి పట్టినాడు. తర్వాత మొదులుపెట్టినాడు. మిషను మోటారు కాడ తమ్మునికి షాకు కొట్టి ఎగిరి పడిన సంగతి. మిద్ది పిట్టగోడ మీద నడిచిన సంగతి. కింద ఇంటోళ్ళ కుక్క వాని కాలు గీరితే సబ్బుతో కడిగిన సంగతి. చేలో బాయి మెట్ల కాడ వాడు జారితే తను చెయ్యి పట్టి లాగిన సంగతి. ఒక్కోటి చెప్పి నా మొహం చూస్తాడు, నా చెయ్యి ఆడనే ఉండాదా అని చూస్తాడు, ఇంకోటి చెప్తాడు. నేను ఊ అంటా ఉండాను. బస్సు అలిపిరిలో ఆగింది, ముందర జనం లేచి దిగతా ఉండారు, వానికి ఇంకా అయిపోలేదు.